ఆ కుర్చీకి అంత బలం ఎక్కడిది? టెక్సస్ సెనెట్ పదవుల కథ

మన పిల్లలు ఇక్కడి బడిలో నాలుగో తరగతిలో ఒకసారి, ఏడో తరగతిలో మరోసారి టెక్సస్ చరిత్ర చదువుతారు. అలమో, శాన్ జసింటో, సామ్ హ్యూస్టన్ పేర్లు వాళ్ళకి మనకన్నా బాగా వచ్చు. ఆ పుస్తకం మన భోజనాల బల్ల మీదే ఉంటుంది గానీ దాని గురించి ఇంట్లో తెలుగులో మాట్లాడుకోవడం తక్కువ. లెక్కలు, సైన్సు అయితే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే నాన్న, టెక్సస్ ప్రభుత్వం పాఠం రాగానే "అది మీ టీచర్ని అడుగు" అనేస్తాడు. దాంతో పండగలకీ పద్యాలకీ తెలుగు, లోకంలో జరిగే అసలు సంగతులకి ఇంగ్లీషు అని పిల్లలు మనసులో ఒక గీత గీసుకుంటారు. పెద్ద పిల్లల తరగతికి ఈ పాఠం పెట్టింది ఆ గీతను కొంచెమైనా చెరపాలనే. ముందు మీరు చదవండి, తర్వాత మీ మాటల్లో చెప్పండి.

మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. లెఫ్టినెంట్ గవర్నర్ అనగానే మన పెద్దవాళ్ళకి ఢిల్లీయో పుదుచ్చేరియో గుర్తొస్తుంది. కాకినాడ వైపు వాళ్ళకైతే యానాం పక్కనే కాబట్టి ఇంకా బాగా తెలుసు. అక్కడ లెఫ్టినెంట్ గవర్నర్ అంటే కేంద్రపాలిత ప్రాంతానికి రాష్ట్రపతి నియమించే అధిపతి. టెక్సస్‌లో అదే పేరున్న మనిషిని రాష్ట్రంలోని ఓటర్లందరూ కలిసి ఎన్నుకుంటారు. గవర్నర్‌తో జట్టుగా కాదు, విడిగా, వేరే ఓటుతో. పేరులో 'గవర్నర్' ఉన్నా ఆయన రోజువారీ పని గవర్నర్ ఆఫీసులో ఉండదు, 31 మంది సభ్యులున్న సెనెట్‌కి అధ్యక్షత వహించడంలో ఉంటుంది. ఆ 31 మందిలో ఆయన ఒకరు కూడా కాదు.

మన శాసన మండలి చైర్మన్‌తో పోల్చి చెబితే పిల్లలకి కాకపోయినా తల్లిదండ్రులకి చప్పున అర్థమవుతుంది. మండలి చైర్మన్‌ని సభ్యులు తమలోంచే ఎన్నుకుంటారు. ఇక్కడ సభకి పెద్దగా కూర్చునే మనిషిని బయటి జనం ఎన్నుకుని లోపలికి పంపిస్తారు. కానీ పోలిక అక్కడితో ఆపేయండి. మన మండలికి ఉన్న పరిమితులు వేరు. టెక్సస్ సెనెట్ ఒప్పుకోనిదే ఏ బిల్లూ చట్టం కాదు. కాబట్టి తరగతిలో 'ఉప గవర్నర్' అని అనువాదం చేయకుండా 'లెఫ్టినెంట్ గవర్నర్' అనే ఉంచి, పక్కన 'సెనెట్ సభాధ్యక్షుడు' అని చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. 'ఉప' అనగానే పిల్లలు గవర్నర్ కింద పనిచేసే మనిషి అనుకుంటారు. ఈ పాఠానికి అంతకన్నా అడ్డొచ్చే అపోహ ఇంకోటి లేదు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అంటాం కదా, ఇక్కడ అది తిరగబడింది. పేరు చూస్తే చిన్నది, పెత్తనం చూస్తే రాష్ట్రంలోనే పెద్దది. గవర్నర్ కన్నా లెఫ్టినెంట్ గవర్నరే బలమైనవాడని ఆస్టిన్‌లో చాలాకాలంగా వినిపించే మాట. మరి 1876 నాటి టెక్సస్ రాజ్యాంగం తెరిచి చూస్తే ఏముంది? ఆయన సెనెట్‌కి అధ్యక్షుడు. సభ మొత్తం ఒకే కమిటీగా కూర్చున్నప్పుడు చర్చలో పాల్గొని ఓటు వేయవచ్చు. ఓట్లు చెరిసగమైతే నిర్ణాయక ఓటు వేయవచ్చు. గవర్నర్ లేనప్పుడు ఆ బాధ్యత చూసుకోవాలి. సెనెట్‌కి సంబంధించి ఆయనకి రాజ్యాంగం ఇచ్చింది దాదాపు ఇంతే. మిగతా బలమంతా ఎక్కడిది అన్నదే ఈ పాఠం.

మొదట్లో ఆ బలం లేనే లేదు. 1836లో మెక్సికో నుంచి విడిపోయి టెక్సస్ స్వతంత్ర దేశమైనప్పుడు, అమెరికాలోలాగే ఉపాధ్యక్షుడు సెనెట్‌కి అధ్యక్షత వహించేవాడు. 1845లో అమెరికాలో చేరడానికి కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. దేశాధ్యక్షుడి స్థానంలో గవర్నర్, ఉపాధ్యక్షుడి స్థానంలో లెఫ్టినెంట్ గవర్నర్ వచ్చారు. మొట్టమొదటి ఎన్నికే గందరగోళం. నికొలస్ డార్నెల్ గెలిచారని ముందు అనుకున్నారు. దూరపు కౌంటీల ఓట్లు ఆలస్యంగా వచ్చి చేరాక గెలిచింది ఆల్బర్ట్ హార్టన్ అని తేలింది. పదవిలోకి వచ్చిన కొద్ది రోజులకే ఆయనకి పెద్ద పని పడింది. గవర్నర్ హెండర్సన్ మెక్సికో యుద్ధానికి సైన్యాన్ని తీసుకుని స్వయంగా వెళ్ళిపోయారు. ఆ కొన్ని నెలలు రాష్ట్రాన్ని నడిపింది హార్టనే. 1861లో మళ్ళీ అదే. దక్షిణాది రాష్ట్రాల సమాఖ్యకు విధేయత ప్రమాణం చేయనని సామ్ హ్యూస్టన్ మొండికేస్తే ఆయన్ని దించేసి లెఫ్టినెంట్ గవర్నర్ ఎడ్వర్డ్ క్లార్క్‌ని గవర్నర్‌ని చేశారు. అంటే ఆ రోజుల్లో ఇది కారు డిక్కీలో ఉండే స్టెప్నీ టైరు లాంటి పదవి. అవసరమొస్తే తీస్తారు, లేకపోతే ఉందన్న సంగతే గుర్తుండదు.

మార్పుకి పునాది 1876లో పడింది. అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలంలో గవర్నర్ ఎడ్మండ్ డేవిస్ చేతిలో చాలా అధికారం ఉండేది. ఆయన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్ళే తర్వాత కొత్త రాజ్యాంగం రాశారు. ఇక ఏ గవర్నర్‌కీ అంత పెత్తనం దక్కకూడదని పట్టుబట్టి, అధికారాన్ని ముక్కలు చేసి వేర్వేరుగా ఎన్నికయ్యే పదవులకి పంచారు. శాసనసభ మీదా వాళ్ళకి నమ్మకం లేదు. అది రెండేళ్ళకోసారి మాత్రమే మామూలుగా సమావేశం కావాలన్నారు. ఇప్పటికీ అంతే. బేసి సంవత్సరం జనవరిలో మొదలై 140 రోజుల్లో ముగిసిపోవాలి. సభ్యుల జీతం నెలకి 600 డాలర్లు. ఈ అంకె చెప్పినప్పుడు పిల్లలు నమ్మరు, కానీ రాజ్యాంగంలో ఉన్నది అదే. లెఫ్టినెంట్ గవర్నర్ జీతమూ సెనెటర్ జీతమే.

ఇప్పుడు కొంచెం ఆలోచించండి. 140 రోజులు. వచ్చే బిల్లులు వేలల్లో. అన్నీ చర్చకి రావడం అసాధ్యం. అలాంటి చోట ఏ బిల్లు ఏ కమిటీకి వెళ్ళాలి, ఏది సభ ముందుకి రావాలి, ఎవరికి మాట్లాడే అవకాశం ఇవ్వాలి అని నిర్ణయించే మనిషే అసలు యజమాని అవుతాడు. రాజ్యాంగం రాసినవాళ్ళు గవర్నర్ చేతులు కట్టారు. సభకి సమయం తక్కువ ఇచ్చారు. ఈ రెండింటి మధ్య ఏర్పడ్డ ఖాళీలోకి సభాధ్యక్షుడి కుర్చీ మెల్లగా పెరిగింది.

ఎలా పెరిగిందంటే, సెనెట్ సొంత నిబంధనల ద్వారా. ప్రతి కొత్త సమావేశం మొదట్లో సెనెటర్లు తమ నిబంధనల్ని తామే ఓటు వేసి ఆమోదించుకుంటారు. కమిటీల సభ్యుల్నీ అధ్యక్షుల్నీ నియమించే అధికారం లెఫ్టినెంట్ గవర్నర్‌కి ఇచ్చింది ఆ నిబంధనలే. బిల్లుల్ని కమిటీలకి పంపే అధికారమూ, సభలో ఎవరిని మాట్లాడమని పిలవాలో తేల్చే అధికారమూ అంతే. ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకోవచ్చు. మరి 31 మందీ తమ చేతిలోని పెత్తనాన్ని బయటినుంచి వచ్చిన ఒక మనిషికి ఎందుకు అప్పగిస్తూ వచ్చారు? నాకు తోచిన జవాబు ఇది: ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు తమలో ఒకరిని పెద్ద చేసి మిగతావాళ్ళు చిన్నబుచ్చుకోవడం కన్నా, పంపకాల దగ్గర బయటి పెద్దమనిషిని కూర్చోబెట్టుకోవడమే సుఖమనుకుంటారు చూడండి, అలాంటిదే. పైగా ఒకసారి మంచి కమిటీ అధ్యక్ష పదవి దక్కిన సెనెటర్‌కి ఆ ఏర్పాటు మార్చాలనే కోరిక ఉండదు. దక్కనివాళ్ళ సంఖ్య ఎప్పుడూ చాలదు.

ఇరవయ్యో శతాబ్దంలో దీనికి డబ్బు కూడా తోడైంది. 1949లో శాసనసభ బడ్జెట్ బోర్డు ఏర్పడింది. రాష్ట్ర ఖర్చుల మొదటి ముసాయిదా గవర్నర్ ఒక్కడి బల్ల మీదే కాకుండా ఈ బోర్డులో కూడా తయారవడం మొదలైంది. దాంట్లో లెఫ్టినెంట్ గవర్నర్‌ది, దిగువ సభ స్పీకర్‌దే పైచేయి. అదే ఏడాది జులైలో గవర్నర్ బ్యూఫోర్డ్ జెస్టర్ పదవిలో ఉండగానే చనిపోతే లెఫ్టినెంట్ గవర్నర్ ఆలన్ షివర్స్ గవర్నర్ అయ్యారు. తర్వాత 1972లో జరిగిన సవరణతో పదవీకాలం రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళకి పెరిగింది. రెండేళ్ళకోసారి ఓటు అడుక్కోవాల్సిన అవసరం పోయింది కాబట్టి కుర్చీ ఇంకాస్త కుదురుకుంది.

ఆ కుర్చీలో అందరికన్నా ఎక్కువకాలం కూర్చున్నది బిల్ హాబీ. 1973 నుంచి 1991 దాకా 18 ఏళ్ళు. ఆయన తండ్రి విలియం హాబీ కూడా లెఫ్టినెంట్ గవర్నరే. 1917లో గవర్నర్ జేమ్స్ ఫెర్గుసన్‌ని అభిశంసించి సెనెట్ తొలగించినప్పుడు ఆ తండ్రి గవర్నర్ అయ్యారు. కొడుకు కాలంలో జరిగిన ఒక ఘటన పిల్లలకి తప్పకుండా చెప్పండి. నవ్వుతూ వింటారు, విని మర్చిపోరు. కానీ దానికి ముందు 'మూడింట రెండొంతుల' సంప్రదాయం చెప్పాలి. ఈ ఒక్కచోట కొంచెం ఓపిక పట్టండి.

సెనెట్ నిబంధన ప్రకారం బిల్లులు కమిటీలోంచి వచ్చిన వరసలోనే చర్చకి రావాలి. అయితే సమావేశం మొదట్లోనే ఎవరో ఒకరు ఏ ప్రాధాన్యమూ లేని ఒక చిన్న బిల్లుని, పార్కుల సుందరీకరణ లాంటిదాన్ని, వరసలో మొట్టమొదట పెట్టేస్తారు. దాన్ని ఎప్పటికీ చర్చకి తీసుకోరు. సినిమా టికెట్ల క్యూలో మొదటి మనిషి కదలకుండా నిలబడిపోయాడనుకోండి, వెనకున్నవాళ్ళు కౌంటర్ దగ్గరికి వెళ్ళాలంటే క్యూ తప్పించాల్సిందే. ఇక్కడ క్యూ తప్పించడానికి హాజరైనవాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. అందరూ ఉంటే 21 మంది. అంటే ఏ బిల్లునైనా 11 మంది కలిసి ఆపేయవచ్చు. ఆ మొదటి చిన్న బిల్లుని 'అడ్డు బిల్లు' అందాం. అది రాజ్యాంగంలో లేదు. అడ్డు పెట్టడమూ తీయడమూ సభాధ్యక్షుడు, సభ్యులు కలిసి నడిపించుకునే ఆనవాయితీ. కోరం సంగతి మాత్రం రాజ్యాంగంలోనే ఉంది: మూడింట రెండొంతుల మంది, అంటే 21 మంది లేకపోతే సభ జరగదు.

ఇక 1979 మే నెల. అధ్యక్ష పదవి అభ్యర్థుల ప్రాథమిక ఎన్నికని మిగతా పదవుల ప్రాథమిక ఎన్నిక నుంచి విడదీసి వేరే రోజున పెట్టాలని ఒక బిల్లు వచ్చింది. అప్పట్లో టెక్సస్ మాజీ గవర్నర్ జాన్ కానలీ రిపబ్లికన్ తరఫున అధ్యక్ష పదవికి పోటీలో ఉన్నారు. తేదీలు వేరైతే సంప్రదాయవాద డెమొక్రాట్లు ఒకరోజు వెళ్ళి ఆయనకి ఓటేసి, ఇంకోరోజు తమ పార్టీలోనూ ఓటేయగలరు. ఉదారవాద డెమొక్రాట్లకి అది నచ్చలేదు. మూడింట రెండొంతుల ఆనవాయితీని తప్పించి అయినా బిల్లుని చర్చకి తెస్తానని హాబీ సూచించారు. ఆయనా డెమొక్రాటే, ఇది పార్టీల మధ్య గొడవ కాదు, ఒకే ఇంట్లో గొడవ. మర్నాడు చూస్తే 12 మంది సెనెటర్లు మాయం.

వాళ్ళలో ఎక్కువమంది ఎక్కడికీ పోలేదు. ఆస్టిన్‌లోనే ఒక ఇంటి గ్యారేజీకి ఆనుకుని ఉన్న చిన్న అపార్ట్‌మెంట్‌లో దాక్కున్నారు. వాళ్ళని పట్టి తెమ్మని హాబీ ఆదేశించారు. టెక్సస్ రేంజర్లు, రాష్ట్ర పోలీసులు రాష్ట్రమంతా వెతికారు. హ్యూస్టన్‌లో సెనెటర్ జీన్ జోన్స్ ఇంటి దగ్గర ఒకాయన్ని పట్టుకుని హెలికాప్టర్ ఎక్కించి ఆస్టిన్ తెచ్చారు. తీరా చూస్తే ఆయన సెనెటర్ కాదు, సెనెటర్ సోదరుడు! నాలుగు రోజులు దాటాక ఆ 12 మందీ తమంతట తామే తిరిగొచ్చారు. బిల్లు అటకెక్కింది. వాళ్ళకి 'కిల్లర్ బీస్' అన్న పేరు మిగిలిపోయింది. జుంయ్‌మంటూ ఎప్పుడు ఎటునుంచి వచ్చి కుడతారో తెలియని కందిరీగలన్నట్టు, హాబీ పెట్టిన పేరే.

ఇలాంటిదే 2003లో మళ్ళీ జరిగింది, ఈసారి పార్టీల మధ్య. అమెరికా కాంగ్రెస్ నియోజకవర్గాల సరిహద్దులు మార్చే బిల్లు వచ్చింది. అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ డేవిడ్ డ్యూహర్స్ట్ ప్రత్యేక సమావేశంలో అడ్డు బిల్లు పెట్టబోనన్నారు. 11 మంది డెమొక్రాట్ సెనెటర్లు టెక్సస్ పోలీసులకి అధికారం లేని న్యూమెక్సికోకి, ఆల్బుకర్కీ నగరానికి వెళ్ళి నెలకి పైగా ఉండిపోయారు. చివరికి హ్యూస్టన్ సెనెటర్ జాన్ విట్‌మైర్ తిరిగొచ్చేయడంతో ఆ పట్టు సడలింది, ఆ అక్టోబర్‌లో బిల్లు నెగ్గింది.

2015 జనవరిలో డాన్ పాట్రిక్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యాక ఆ ఆనవాయితీనే మార్చారు. మూడింట రెండొంతులు కాస్తా అయిదింట మూడొంతులు అయింది, అంటే 19 మంది. 2021లో దాన్నీ తగ్గించి తొమ్మిదింట అయిదొంతులు చేశారు, అంటే 18 మంది. 2015లో సెనెట్‌లో రిపబ్లికన్లు 20 మంది. 2021లో 18 మంది. ఈ అంకెల్ని బోర్డు మీద రాసి మీరేమీ అనకండి, పిల్లల్నే చూసి చెప్పమనండి.

ఇక్కడ ఉపాధ్యాయులకి ఒక మాట. మన తరగతిలో కూర్చునే ఇళ్ళలో రెండు పార్టీలవాళ్ళూ ఉన్నారు. మెజారిటీని జనం ఎన్నుకున్నప్పుడు మెజారిటీ మాట చెల్లాలి, 11 మంది అడ్డుపడటమేంటి అన్నది ఒక వాదన. రెండో పక్షంతో మాట్లాడాల్సిన అవసరం ఉన్నప్పుడే మంచి చట్టాలు వస్తాయి, పల్లె ప్రాంతాల సెనెటర్లు కూడా ఎన్నోసార్లు ఈ అడ్డుతోనే తమ ఊళ్ళని కాపాడుకున్నారు అన్నది ఇంకో వాదన. రెండూ చెప్పండి. నాకు రెండో వాదన వైపు మొగ్గుంది, దాచను. కానీ 1979లో అడ్డు తీయబోయింది డెమొక్రాట్ హాబీ, 2015లో మార్చింది రిపబ్లికన్ పాట్రిక్ అన్నది పిల్లలు గమనించేలా చెప్పడం నా మొగ్గు కన్నా ముఖ్యం.

సభలో ఇంకో పదవి ఉంది, ప్రెసిడెంట్ ప్రో టెంపోర్. 'ప్రస్తుతానికి అధ్యక్షుడు' అని లాటిన్ మాటకి అర్థం. లెఫ్టినెంట్ గవర్నర్ లేని పూట కుర్చీలో కూర్చునే సెనెటర్ అన్నమాట. ప్రతి సమావేశం మొదట్లోనూ చివర్లోనూ సెనెటర్లు తమలోంచి ఒకరిని ఎన్నుకుంటారు. మామూలుగా ఎక్కువకాలం నుంచి ఉన్నవాళ్ళకి వరసగా, పార్టీతో పని లేకుండా, ఈ గౌరవం దక్కుతుంది. దీనితో ఒక ముచ్చట ముడిపడి ఉంది. గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ ఇద్దరూ ఒక రోజు కావాలనే రాష్ట్రం దాటి వెళ్తారు. ఆ రోజుకి ప్రో టెంపోరే గవర్నర్. ఊరినుంచి చుట్టాలు, స్నేహితులు బస్సుల్లో వస్తారు, పాటలు, భోజనాలు, ఫొటోలు. ఒక్క రోజు పెళ్ళికొడుకు లాంటి పదవి. చేసే పనేమీ ఉండదు.

అలాంటి ఉత్తుత్తి గౌరవం ఒకసారి మాత్రం చరిత్ర అయింది. హ్యూస్టన్‌కి చెందిన బార్బరా జోర్డన్ 1966లో సెనెట్‌కి ఎన్నికయ్యారు. 1883 తర్వాత టెక్సస్ సెనెట్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. ఆమె చేరిన ఆ సభలోని మిగతా సభ్యులంతా మగవాళ్ళు. 1972 మార్చిలో ఆ సభ్యులే ఆమెని ప్రో టెంపోర్‌గా ఎన్నుకున్నారు. 1972 జూన్ 10న ఆమె ఒక రోజు గవర్నర్. బాప్టిస్ట్ పాస్టర్ అయిన ఆమె తండ్రి బెంజమిన్ జోర్డన్ కూతురి ప్రమాణ స్వీకారం చూడటానికి ఆస్టిన్ వచ్చారు. అదే రోజు ఆయనకి జబ్బు చేసి ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడు చనిపోయారు. ఆ ఏడాది నవంబర్‌లో ఆమె అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యారు. 1974లో నిక్సన్ అభిశంసన విచారణలో రాజ్యాంగం గురించి ఆమె చేసిన ప్రసంగం పిల్లల హైస్కూలు పుస్తకాల్లో ఎలాగూ వస్తుంది. అది చదివేటప్పుడు ఈ జూన్ 10 కూడా గుర్తుండాలని నా కోరిక. పెద్ద పిల్లలకి ఇది చెప్పేటప్పుడు తొందరపడకండి.

2000 సంవత్సరం చివర్లో ఇంకో కొత్త సంగతి జరిగింది. జార్జ్ బుష్ అమెరికా అధ్యక్షుడు కాబోతూ గవర్నర్ పదవి వదిలేశారు. లెఫ్టినెంట్ గవర్నర్ రిక్ పెర్రీ గవర్నర్ అయ్యారు. మరి ఖాళీ అయిన కుర్చీ? 1984లో చేసిన సవరణ ప్రకారం సెనెటర్లు తమలో ఒకరిని ఎన్నుకోవాలి. డిసెంబర్ 28న వాళ్ళు బిల్ ర్యాట్‌లిఫ్‌ని ఎన్నుకున్నారు. వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరు. మన ఇళ్ళలో ఈ వివరానికి ప్రత్యేక విలువ ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు. రాష్ట్రంలో ఓటర్లు కాక తోటి సెనెటర్లు ఎన్నుకున్న లెఫ్టినెంట్ గవర్నర్ అలా మొదటిసారి వచ్చారు. మన మండలి చైర్మన్ పద్ధతి ఇక్కడికి ఒక్కసారి వచ్చి వెళ్ళినట్టయింది. ఆయన 2003 జనవరి దాకా ఉన్నారు.

'ఎవరికి మాట్లాడే అవకాశం ఇవ్వాలి' అన్నది ఎంత పెద్ద అధికారమో చూపించడానికి 2013 జూన్ 25 రాత్రి కన్నా మంచి ఉదాహరణ లేదు. గర్భస్రావాల మీద ఆంక్షలు పెట్టే బిల్లుని ఆపాలని సెనెటర్ వెండీ డేవిస్ నిలబడి మాట్లాడటం మొదలుపెట్టారు. అర్ధరాత్రికి ప్రత్యేక సమావేశం ముగిసిపోతుంది. అంతవరకూ మాట్లాడగలిగితే బిల్లు పోయినట్టే. కూర్చోకూడదు, దేనికీ ఆనుకోకూడదు, తినకూడదు, విషయం వదిలి పక్కకి పోకూడదు. బిల్లు మంచిదా చెడ్డదా అన్నది ఇంట్లో తల్లిదండ్రులు చూసుకుంటారు. మన తరగతిలో ఆ చర్చ వద్దు, పద్ధతి ఒక్కటే మన పాఠం. గంటలకొద్దీ మాట్లాడాక ఆమె నిబంధన తప్పారని అధ్యక్ష స్థానం మూడోసారి తీర్పు ఇచ్చి ప్రసంగం ఆపించింది. అదే రోజు తన తండ్రి అంత్యక్రియల నుంచి నేరుగా సభకి వచ్చిన సెనెటర్ లెటీసియా వాన్ డి పుట్, మాట్లాడటానికి లేస్తే అధ్యక్ష స్థానం తనని గుర్తించలేదని, ఒక మహిళా సెనెటర్ మగ సహచరులని దాటి గుర్తింపు పొందాలంటే ఇంకెంత గొంతెత్తాలి అని అడిగారు. గ్యాలరీలో జనం హోరెత్తారు. ఆ హోరులో ఓటింగ్ అర్ధరాత్రి దాటింది. బిల్లు నెగ్గలేదని డ్యూహర్స్ట్ తెల్లవారుజామున ఒప్పుకోవాల్సి వచ్చింది. జులైలో ఇంకో ప్రత్యేక సమావేశం పెట్టి అదే విషయాన్ని నెగ్గించుకున్నారు.

ఇదంతా టెక్సస్ కథ. వేరే రాష్ట్రంలో చుట్టాలున్న పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా 2023లో ప్రమాణం చేసిన అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టిన మన తెలుగావిడ, పుట్టింటి పేరు కాట్రగడ్డ. మరి ఆవిడ కూడా సెనెట్‌ని నడిపిస్తారా? లేదు. అక్కడ ఆ పదవి గవర్నర్‌తో జట్టుగా ఎన్నికయ్యేది. సెనెట్ తన అధ్యక్షుణ్ణి తనే ఎన్నుకుంటుంది. మైక్ మిల్లర్ అనే ఆయన అలా 1987 నుంచి 2020 దాకా ఆ కుర్చీలో ఉన్నారు. ఇక వర్జీనియాలో 2025 నవంబర్‌లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ కూడా హైదరాబాద్‌లోనే పుట్టారు. అక్కడ ఆ పదవి 40 మంది సెనెట్‌కి అధ్యక్షత వహిస్తుంది, ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు వేస్తుంది, కానీ కమిటీల మీద టెక్సస్‌లో ఉన్నంత పెత్తనం లేదు. మూడు రాష్ట్రాలు, ఒకే పేరు, మూడు రకాల కుర్చీలు.

తరగతిలో దీన్ని చేయించడానికి నేను వాడేది చింతగింజలు. ఒక్కో జట్టుకి 31 గింజలు ఇవ్వండి, దొరకకపోతే రాజ్మా గింజలైనా సరే. ముందు 21, 10గా పెట్టించి, అడ్డుకోవడానికి ఇంకొక్క గింజ కావాలని వాళ్ళచేతే కనుక్కోనివ్వండి. తర్వాత 20, 11. ఆపైన 18, 13. ప్రతిసారీ నిబంధన మార్చి లెక్కపెట్టమనండి. 'కోరం', 'నిబంధన', 'ఆనవాయితీ', 'సభాధ్యక్షుడు', 'నిర్ణాయక ఓటు', ఈ అయిదు మాటలూ గింజలు జరుపుతూనే నోటికి వచ్చేస్తాయి. విడిగా బట్టీ పెట్టించక్కర్లేదు. చివర్లో ఒక జట్టుని కొత్త నిబంధన తయారుచేయమనండి. ఒకే షరతు: తమ జట్టు 31లో 13 గింజలకి పడిపోయినా ఆ నిబంధనకే కట్టుబడతామని ముందే ఒప్పుకోవాలి.

కొందరు పిల్లలు ఇంకో ప్రశ్న వేస్తారు, అమ్మానాన్నలకి ఓటు లేదు కదా, మీకెందుకు ఇదంతా అని. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి చూస్తున్న ఇళ్ళు మన బడిలో చాలానే ఉన్నాయి. సెనెట్ కమిటీల బహిరంగ విచారణలో పేరు నమోదు చేసుకుని మాట్లాడటానికి ఓటు హక్కు అక్కర్లేదు. గ్యాలరీలో కూర్చోవడానికీ అక్కర్లేదు. సభ జరిగేటప్పుడు వీడియో ప్రసారం కూడా ఉంటుంది. బేసి సంవత్సరం జనవరి రెండో మంగళవారం సమావేశం మొదలవుతుంది. నిబంధనల తీర్మానం ఆ మొదటి రోజుల్లోనే ఓటుకి వస్తుంది. ఏడో తరగతి పిల్లలున్నవాళ్ళు ఆ ఒక్క అరగంట పక్కన కూర్చుని చూడండి. ఓట్లు ఎటు ఎన్ని పడ్డాయో పిల్లలచేత ఒక కాగితం మీద తెలుగు అంకెల్లో రాయించి, ఆ ఆదివారం తరగతికి పంపండి.